పెరిస్సోడస్ మైక్రోలెపిస్

పెరిస్సోడస్ మైక్రోలెపిస్ తూర్పు ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సులో మాత్రమే కనిపించే చేప. సిక్లిడ్ కుటుంబానికి చెందిన ఈ చేప పొడవు దాదాపు 11 సెంటీమీటర్లు. ఇతర చేపల ఒంటి మీది పొలుసులే దీని ప్రధాన ఆహారం. దీని మూతి కొన్నింటిలో కుడికి, కొన్నింటిలో ఎడమకు వంకర తిరిగి ఉంటుంది.

పేరు

బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జె.ఇ.ఎస్. మూర్ టాంగన్యీకా నుంచి తెచ్చిన నమూనాల ఆధారంగా జార్జ్ ఆల్బర్ట్ బూలెంజర్ 1898లో ఈ జాతిని వర్ణించాడు. గ్రీకు మూలాలున్న ఈ పేరులో మొదటి మాట వింత పళ్లను, రెండోది చిన్న పొలుసులను సూచిస్తుంది. పొలుసులు తినే చేపకు దాని సొంత పొలుసుల మీదుగానే పేరు పడింది.

తిండి తీరు

ఇది ఎర చేప వెనకగా చేరి, ఒక్క ఉదుటున దాని పక్కటెముకల వైపు దూకుతుంది. కరిచి పట్టి, ఒళ్లు మెలితిప్పి పొలుసులు ఊడబెరుకుతుంది. ఎర చచ్చిపోదు, తప్పించుకుపోతుంది. మూతి కుడికి తిరిగిన చేప ఎర ఎడమ పక్కను, ఎడమకు తిరిగినది కుడి పక్కను కొరుకుతుంది. వెనక నుంచి వచ్చే చేపకు ఆ వంపు వల్ల నోరు నేరుగా ఎర ఒంటికి ఆనుతుంది.

పరిశోధన

టాంగన్యీకాలో పొలుసులు తినే సిక్లిడ్‌ల గురించి మార్లియే, లెలూప్ 1954లో నేచర్ పత్రికలో రాశారు. 1976లో కారెల్ లీమ్, డొనాల్డ్ స్టీవర్ట్ ఈ వర్గాన్ని సమీక్షిస్తూ మూతి వంకరను చర్చించారు.

ఈ చేపకు పేరు తెచ్చింది జపాన్ శాస్త్రవేత్త మిచియో హోరి. ఆయన 1993లో సైన్స్ పత్రికలో ప్రచురించిన వ్యాసం ప్రకారం కుడి వాటం, ఎడమ వాటం మూతుల చేపల నిష్పత్తి ఏళ్ల తరబడి సగం సగానికి అటూ ఇటూ ఊగుతూ ఉంది. ఒక వాటం చేపలు ఎక్కువైతే ఎర చేపలు అవి దాడి చేసే పక్కనే కాపు కాస్తాయి; అప్పుడు తక్కువగా ఉన్న వాటానికి తిండి సులువుగా దొరుకుతుంది. అరుదుగా ఉండటమే లాభమయ్యే ప్రకృతి వరణానికి ఇది పాఠ్యపుస్తకాల ఉదాహరణ అయింది.

తరువాత ఈ చిత్రం కొంత మారింది. జర్మనీలోని కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో కొలతలు తీసి, మూతులు కుడి, ఎడమ అని రెండే తెగలుగా విడిపోవని, దాదాపు తిన్నని మూతులూ చాలా ఉన్నాయని చూపారు. 2017లో జపాన్ పరిశోధకులు, పొలుసులు ఎన్నడూ తినని చేపలు మొదట్లో రెండు పక్కలా దాడి చేసి, అనుభవం మీద తమకు వాటమైన పక్కకు అలవాటు పడతాయని నిరూపించారు.