ముసురు కోసం దాచిన ఎండ

శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడి ఇంట అతిథులకు ఏ కాలంలో ఏం వడ్డించేవారో చెబుతాడు. వాన జడిపట్టిన రోజుల్లో, ఇంట్లో పొగ కమ్మకుండా కొబ్బరి చిప్పలు మండించి చేసిన వంట అది. విస్తట్లో వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు వేపుడు కూరలు, పెరుగు, నెయ్యి ఉన్నాయి. వాటి సరసన వడియాలూ వరుగులూ ఉన్నాయి. రాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా. అంటే, ఎండబెట్టిన కూరగాయ ముసురు రోజుల మర్యాద భోజనంలో చేరి ఐదు వందల ఏళ్లు దాటిందన్నమాట.

సూర్యాపేట జిల్లా చిలుకూరు వైపు వరుగులను ఒరుగులంటారు. ఒరుగులు పెట్టడం ఎండాకాలం పనే, కానీ అవి వానాకాలపు తిండి. ఆ సంగతి రాజుగారికి బాగా తెలుసు. ఇప్పుడు వంటల పుస్తకాలు రాసేవాళ్లే తరచుగా మరచిపోతారు.

కోదాడకూ హుజూర్‌నగర్‌కూ మధ్యనున్న చిలుకూరుకు ఎండల కరువెన్నడూ లేదు. కృష్ణ దాటితే పల్నాడు, ఎండలకు పేరుమోసిన రెంటచింతల అక్కడిదే. ఇవతలి ఒడ్డున కూడా మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే. నాగార్జునసాగర్ కాలువ రాకముందు ఈ మెట్ట చేలల్లో జొన్న, కంది, ఆముదం వేసేవాళ్లు. సాళ్ల నడుమ అనుములు, బొబ్బర్లు, దోస, బుడమ తీగలు పాకేవి. ఇంటి వెనక దొడ్డిలో తానాల నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు పారేచోట వంగ, మిరప, సొర, బీర పెరిగేవి. కాపు మొదలైతే ఆగదు. మాఘ ఫాల్గుణాల్లో వంకాయలు ఇంటిల్లిపాదీ తిన్నా, ఇరుగుపొరుగుకు పంచినా మిగిలేవి. ఆషాఢం వచ్చేసరికి దొడ్డి ఖాళీ. అప్పుడే దుక్కులు, విత్తనాలు, నాట్లు, కలుపులు. ఆడవాళ్లకు పొద్దున్నే కూర వెతుక్కునే తీరికే ఉండదు. మిగులు ఒక కాలంలో, ఆకలి ఇంకో కాలంలో. నడిమధ్యన వైశాఖపు ఎండ.

పని చూడ్డానికి తేలిక. వంకాయలు నిలువుగా చీల్చి, నల్లబడకుండా ఉప్పునీళ్లలో వేసి తీస్తారు. గోకరకాయలకు ఈనెలు తీసి, ఉప్పు వేసిన నీళ్లలో ఒక పొంగు రానిచ్చి వార్చాలి. పచ్చిగా ఎండబెడితే రంగు చెడి పీచుపీచుగా మిగులుతాయి. కాకర, దొండ చక్రాల్లా తరిగి పసుపు, ఉప్పు, పుల్లటి మజ్జిగ పట్టిస్తారు. నులక మంచం మీద పాత చీర పరిచి, ముక్కకు ముక్క తగలకుండా ఆరబోస్తారు. మంచమైతే కింది నుంచి కూడా గాలి ఆడుతుంది. కాకులను తోలే పని పిల్లలది. పొద్దుగూకగానే ముక్కలన్నీ ఇంట్లోకి రావాల్సిందే, మంచు తగిలితే బూజు పడుతుంది. విరిస్తే పటుక్కున విరగాలి. వంగితే ఇంకో ఎండ కావాలన్నమాట.

సల్ల మిరపకాయలది ఇంకో లెక్క. పచ్చిమిరపకాయలకు గాటు పెట్టి ఉప్పు మజ్జిగలో నానేస్తారు. పగలు ఎండలో పెట్టి, రాత్రికి మళ్లీ అదే మజ్జిగలో వేస్తారు. మజ్జిగంతా కాయలే తాగేసేదాకా ఇదే వరస. రాయలు చెప్పిన వరుగుల పక్కన ఇవి ఉండకపోవచ్చు. మిరప అమెరికా ఖండాల పంట, పోర్చుగీసు ఓడలతో మన తీరానికి వచ్చింది. టమాటా కూడా అక్కడిదే, మన వంటింట్లోకి ఇంకా ఆలస్యంగా చేరింది. అయినా ఇవాళ ఒరుగులంటే ఎక్కువమందికి ముందు గుర్తొచ్చేది టమాటానే. టమాటాలో నూటికి 94 పాళ్లు నీరే. పది కిలోల కాయ కోసి ఎండబెడితే ముప్పావు కిలో కూడా రాదు. బుట్టెడు పంట పిడతలో ఇమిడిపోతుంది.

ఇంత ఎండబెట్టే బదులు ఊరగాయ పెట్టొచ్చు కదా? ఊరగాయకు ఉప్పు దండిగా కావాలి, నూనె కావాలి. చిలుకూరు నిజాం రాజ్యంలో ఉండేది. తీరం ఇంగ్లీషువాళ్ల చేతికి పోయాక ఆ రాజ్యానికి సముద్రమే లేదు. ఉప్పు తీరం నుంచి లంబాడీల ఎద్దుల మీద పైకి రావాల్సిందే. నిజాంల కంటే ముందే, 17వ శతాబ్దంలో గోల్కొండ, మచిలీపట్నం మధ్య తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, వేలాది ఎద్దులతో సాగే ఈ బిడారాల గురించి రాశాడు. ఒక తెగ ఉప్పు తప్ప మరేదీ మోయదని కూడా చెప్పాడు. అన్ని కోసుల దూరం నుంచి వచ్చిన సరుకును పేదింటి ఇల్లాలు పొదుపుగానే వాడుతుంది. ఒరుగుకు గుప్పెడు ఉప్పు చాలు. మామిడి ఒరుగుకైతే అదీ అక్కర్లేదంటారు కొందరు. చెక్కు తీసి తరిగి ఎండబెడితే, చింతపండు అయిపోయిన రోజున పప్పులోకి అదే పులుపు.

దొడ్డిలో కాసిందంతా ఇంటిదే అనుకునే రోజులు కావవి. దొరలకు వెట్టి ఉండేది. గొల్లలు గొర్రెను, కుమ్మర్లు కుండలను, సాలెలు బట్టను ఊరకే ఇచ్చుకోవాలి. నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర మహాసభ 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన సమావేశమైంది ఈ చిలుకూరులోనే. రైతు సమస్యల వైపు సభ గట్టిగా మళ్లిన మలుపుగా దాన్ని చెప్పుకుంటారు. ఆ తర్వాత యుద్ధకాలంలో నిజాం ప్రభుత్వం రైతుల దగ్గర లెవీ ధాన్యం పట్టుకుపోయింది. గింజలు పోయిన ఇంట్లో ఉట్టి మీది కుండలో ఒరుగులుంటే గంజిలోకి నంజుకోడానికైనా అక్కరకొస్తాయి.

దొడ్డి రాతను మార్చింది మాత్రం కాలువ. నెహ్రూ 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మాగాణి అయ్యాయి. జొన్న కూడు తిన్న ఊళ్లు వరి అన్నానికి మళ్లాయి. మిర్యాలగూడ నిండా రైస్ మిల్లులు లేచాయి. దీన్ని తప్పుపట్టేవాళ్లు ముందు కాలువకు మునుపటి కరువుల గురించి పెద్దవాళ్లను అడగడం మంచిది. కానీ నిలువ నీళ్లలో దోస తీగ బతకదు, వరి మడిలో అనుములు చల్లలేరు. రెండు కార్లూ వరే అయితే, ఎంత నీళ్లున్నా కూరగాయకు మిగిలేది గట్టు మీది జాగానే. కంది చెట్లు గట్టెక్కాయి. బుడమకాయ దాదాపు కనుమరుగైంది. కూర సంతలో కొనుక్కునే సరుకైంది.

ఆ తర్వాత వచ్చినవి ఫ్రిజ్, కోతులు. ఫ్రిజ్ వారం మిగులును దాస్తుందే గాని మూడు నెలల మిగులును దాయలేదు. కోతులు అసలు మిగులే లేకుండా చేస్తున్నాయి. తెలంగాణ పల్లెల్లో దొడ్డి తోట మానేసినవాళ్లను అడిగితే చాలామంది వాటినే తిడతారు. ఒకప్పుడు కాకుల కోసం పిల్లలు కాపలా కూర్చునేవాళ్లు. ఇప్పుడు కోతుల కోసం పెద్దవాళ్లే కర్ర పట్టుకుని కూర్చోవాలి. లేదా దోమతెర కట్టాలి.

అయినా మే నెలలో డాబాల మీద చీరలు పరుచుకుంటూనే ఉన్నాయి. తేడా ఒక్కటే: ఆ టమాటాలు, గోకరకాయలు ఎక్కువగా మార్కెట్లో కొన్నవి. ధర పడిపోయిన వారం చూసి పెట్టెలకు పెట్టెలు తెస్తారు. ఎండిన వాటిలో ఒక వాటా హైదరాబాద్‌లో కాపురమున్న కూతురికి, ఇంకో వాటా అమెరికా వెళ్లే అల్లుడి సూట్‌కేసుకు. ఇంట్లో మిగిలినవి ఆషాఢంలో వేడినీళ్లలో నానబెట్టి చింతపులుసులో వేస్తారు. ఎండు రొయ్యలుంటే అవీ పడతాయి.