పాలపంటిపై పుట్టుక గుర్తు

నెలలు నిండక పుట్టిన పిల్లల ముందరి పళ్లమీద తెల్లని మచ్చలో, పసుపుపచ్చని చారలో, చిన్న గుంటలో ఒక్కొక్కప్పుడు కనబడుతవి. సరిగా పళ్లు తోముకోవడం లేదని పెద్దలు ఆ పిల్లలను మందలించడం కద్దు. ఈ నింద న్యాయమైనది కాదు. ఆ లోపం పన్ను చిగురు దాటి బయటకు రాకముందే ఏర్పడినది. ఈ సంగతిని పంటిలోనే చదివి తెలుసుకొనడానికి శాస్త్రజ్ఞులకు నూరేండ్లకు పైగా పట్టినది.

పంటిని కప్పివుండే పింగాణి పొర మానవ శరీరంలో అన్నిటికంటె గట్టి పదార్థం. దాని బరువులో నూటికి సుమారు 96 పాళ్లు ఖనిజ లవణాలే. ఈ పొరను నిర్మించే కణాలు తమ పని ముగించి, పన్ను పైకి వచ్చేసరికి నశిస్తవి. విరిగిన ఎముక అతుకుకొంటుంది. తెగిన చర్మం మానుతుంది. పింగాణిలో ఏర్పడిన గుంటను మాత్రం శరీరం తిరిగి పూడ్చలేదు. అందుచేత అది చెరగని వ్రాత వంటిది.

ఆ వ్రాతను 1837లో స్వీడన్ దేశపు శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు ఆండర్స్ రెట్జియస్ వర్ణించాడు. పలుచగా అరగదీసిన పంటి ముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షించగా, చెట్టుమానులోని వలయాలవంటి గీతలు కనబడినవి. పింగాణి ఒక్కమారుగా గాక, పొరమీద పొరగా పెరుగుతుందనడానికి అవే నిదర్శనం.

ఇంగ్లండులో మే మెలన్‌బీ కుక్కపిల్లలకు రకరకాల ఆహారం పెట్టి, పళ్ల నిర్మాణం ఆహారంపై ఆధారపడి వుంటుందని 1918లో ప్రకటించింది. ఎముకలను వంచే రికెట్స్ వ్యాధికి మూలమైన విటమిన్-డి లోపమే పింగాణిని కూడ చెరుపుతుందని తరువాత స్పష్టమైనది.

1933లో రష్టన్ పాలపళ్లలో ఒక స్ఫుటమైన గీతను వర్ణించాడు. 1936లో చికాగోలో ఐజక్ షౌర్ దానికి నవజాత రేఖ అని పేరుపెట్టాడు. ఆ గీతకు లోపలి పింగాణి తల్లి గర్భంలో ఏర్పడినది. వెలుపలిది పుట్టిన తరువాత ఏర్పడినది. గర్భంనుంచి వెలుపలి లోకానికి వచ్చేటప్పుడు శిశువు పడే శ్రమకు ఆ గీత గుర్తు. నెలలు నిండక పుట్టిన బిడ్డ పంటిలో దాని లోపలి భాగం తక్కువగా వుంటుంది.

ముందరి పాలపళ్లకు ఖనిజం చేరడం గర్భంలో నాలుగవ నెలలో మొదలవుతుంది. నిండు గర్భం 40 వారాలు. 37 వారాలు నిండకముందు కలిగినది అకాల జననం. తల్లినుంచి శిశువుకు చేరవలసిన కాల్షియంలో అధికభాగం చివరి మూడు మాసాలలోనే చేరుతుంది. ఆ నిధి పూర్తిగా అందకముందే పుట్టిన బిడ్డకు ఊపిరి, జీర్ణశక్తి కూడ బలహీనమే. ఆ రోజులలో తయారయ్యే పింగాణి పలుచబడి గుంటలు పడవచ్చు. లేదా మందం సరిగానే వున్నా ఖనిజం చాలక మచ్చలు పడవచ్చు.

అకాల జననం పొందిన పిల్లల పాలపళ్లలోని ఈ లోపాలనుగురించి 1958లో స్వీడన్‌లో గ్రానెన్, లార్సన్‌లు పరిశోధన ప్రకటించారు. పుట్టిన కొద్దిదినాలలో రక్తంలో కాల్షియం తగ్గి ఈడ్పులు వచ్చిన శిశువుల పళ్లలోనూ ఇటువంటి లోపాలున్నవని 1973లో ఎడింబరోనుంచి తెలియవచ్చినది. తల్లులకు విటమిన్-డి చాలకపోవడం దీనికి కారణమని ఆ వైద్యులు భావించారు.

1980 తరువాత మరొక కారణం బయటపడినది. ఊపిరాడని శిశువుకు గొంతులోనికి గొట్టం వేసి గాలి అందిస్తారు. దీనికై నోటిలో ఉంచే పరికరం పై చిగురును, ముఖ్యంగా ఎడమవైపు, ఒత్తుతుంది. ఆ వైపు ముందరి పళ్లలోనే లోపాలు ఎక్కువని ఆస్ట్రేలియాలో కిమ్ సియో 1984లో చూపింది. బిడ్డ ప్రాణం నిలిపిన సాధనమే పంటిపై తన గుర్తు వదలినదన్నమాట.

ఈ మచ్చలు రుద్దితే పోవు. గరుకైన పింగాణిపై ఆహారపు తునకలు, సూక్ష్మజీవులు నిలిచి పన్ను త్వరగా పుచ్చుతుంది. కనుక ఇట్టి పిల్లలను మొదటి పన్ను వచ్చినది మొదలు దంతవైద్యునికి చూపుతూ, తీపి తగ్గించి, పళ్లను శుభ్రంగా వుంచాలి. ఆరవ ఏట వచ్చే మొదటి స్థిర దవడపంటికి పుట్టుక సమయంలోనే ఖనిజం చేరనారంభిస్తుంది. దానినీ కనిపెట్టి చూడాలి. తరగతిలో మచ్చపళ్ల విద్యార్థి నోరు మూసుకొని నవ్వుతూవుంటే, ఉపాధ్యాయుడు మందలించే ముందు ఈ చరిత్రను జ్ఞాపకం చేసుకోవడం మంచిది.