నిద్రను కొలిచిన చరిత్ర

ఉదయం లేవగానే ఫోన్ చూసుకుని, "రాత్రి నాకు గాఢనిద్ర అరగంటే పట్టిందట" అని దిగులుపడేవారు నేడు తరచుగా కనిపిస్తున్నారు. ఒళ్లు తేలికగా ఉన్నా, తల దిమ్ముగా లేకపోయినా, వారు నమ్మేది ఆ అంకెనే. ఆ అంకె ఎక్కడి నుండి వచ్చింది? దానిని ఎంతవరకు నమ్మవచ్చు? నిద్రను కొలవడానికి శాస్త్రజ్ఞులు నూటయాభై ఏళ్లకు పైగా చేసిన ప్రయత్నాలను గమనిస్తే సమాధానం దొరుకుతుంది.

నిద్రపోతున్న మనిషిని అడిగి తెలుసుకోలేము. లేపితే ఇక నిద్రే ఉండదు. 1862లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఎర్న్‌స్ట్ కోల్‌షుట్టర్ ఈ చిక్కునే కొలబద్దగా మార్చుకున్నారు. లోలకపు సుత్తితో చప్పుడు చేస్తూ, ఎంత శబ్దానికి మనిషి మేల్కొంటాడో పరీక్షించారు. నిద్ర మొదటి గంటలోనే అత్యంత గాఢంగా ఉంటుందని, తరువాత క్రమంగా పలచబడుతుందని ఆయన గ్రహించారు. రాత్రి తొలి భాగంలోనే గాఢనిద్ర ఎక్కువన్న మాట నేటికీ నిలిచింది.

లేపకుండానే నిద్రను చూసే మార్గం మెదడు విద్యుత్ తరంగాల నమోదుతో ఏర్పడింది. జర్మనీలోని జెనా నగరంలో మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మనిషి మెదడు తరంగాలను తొలిసారి నమోదు చేసి, 1929లో ప్రకటించారు. అదే నేటి ఈఈజీ పరీక్షకు మూలం. 1937లో అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ లూమిస్, ఆయన సహచరులు ఈ తరంగాల ఆధారంగా నిద్రను ఐదు దశలుగా విభజించారు.

1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ మరొక సంగతి వెల్లడించారు. నిద్రలో కొన్ని వేళల్లో మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదులుతాయి. ఆ సమయంలో లేపితే మనిషి కల వచ్చిందని చెప్పడం ఎక్కువ. ఈ దశకే రెమ్ నిద్ర అని పేరు. 1968లో రెష్ట్‌షాఫెన్, కేల్స్ సంపాదకత్వంలో నిద్రదశలను గుర్తించే ప్రామాణిక నియమావళి వచ్చింది. దాని ప్రకారం నిద్రదశను నిర్ణయించడానికి మూడు ఆధారాలు కావాలి: మెదడు తరంగాలు, కనుగుడ్ల కదలిక, గడ్డం కండరాల బిగువు. నేటి నిద్ర పరీక్షలో వీటికి తోడు శ్వాస, రక్తంలోని ఆక్సిజన్, గుండె లయ కూడా నమోదవుతాయి.

తలకు తీగలు అంటించుకుని రోజూ ఇంట్లో పడుకోవడం సాధ్యం కాదు. అందుకే 1970లలో పరిశోధకులు మణికట్టుకు కట్టుకునే కదలిక కొలమానాన్ని ఉపయోగించడం మొదలుపెట్టారు. చేయి కదిలితే మెలకువ, కదలకపోతే నిద్ర అన్నది అందులోని సూత్రం. అనేక రోజుల నిద్రవేళలు తెలుసుకోవడానికి అది మంచి సాధనమే. అయితే మెలకువగా ఉండి కూడా కదలకుండా పడుకున్న మనిషిని అది నిద్రలో ఉన్నట్లే లెక్కిస్తుంది. నిద్రలేమి రోగులు గంటల తరబడి చేసేది అదే కదా!

ఫోన్ యాప్ ఈ కదలిక కొలమానానికి వారసురాలు. పరుపు మీద పెట్టిన ఫోన్ పరుపు కదలికను గ్రహిస్తుంది. కొన్ని యాప్‌లు మైక్రోఫోన్‌తో శ్వాస శబ్దాన్ని వింటాయి. పక్కన మరొకరు పొర్లినా అది మన కదలికగా నమోదు కావచ్చు. గట్టి నేలపై చాప వేసుకుంటే మన కదలికే దానికి అందకపోవచ్చు. మెదడు తరంగాలు దానికి కనిపించవు. కనుక అది చూపే "గాఢనిద్ర" ఒక అంచనా మాత్రమే. ఆ అంచనాను పట్టుకుని బెంగపడితే నిద్ర మరింత దూరమవుతుంది. యంత్రం చూపే అంకెను చక్కదిద్దాలన్న ఆరాటంతో నిద్ర చెడగొట్టుకునే ఈ స్థితికి 2017లో అమెరికా పరిశోధకులు "ఆర్థోసోమ్నియా" అని పేరు పెట్టారు.

అలాగని యాప్‌ను పారేయనక్కర లేదు. చరిత్రలో దీనికి మరొక బంధువు ఉంది: నిద్ర దినచర్య. ఎప్పుడు పడుకున్నాము, సుమారుగా ఎంతసేపటికి నిద్ర పట్టింది, ఎప్పుడు లేచాము అని రోజూ ఉదయం రాసుకునే పుస్తకం అది. 1987లో ఆర్థర్ స్పీల్‌మన్, ఆయన సహచరులు దీని ఆధారంగానే ఒక చికిత్సను వివరించారు. ఎనిమిది గంటలు మంచంపై ఉండి ఐదున్నర గంటలే నిద్రపోతున్న వ్యక్తిని, మొదట ఐదున్నర గంటలే మంచంపై ఉండమంటారు. ఆ సమయంలో అధిక భాగం నిద్రలోనే గడిచే స్థితి వచ్చాక పావుగంట చొప్పున పెంచుతారు. నిద్రలేమికి నేడు ముందుగా సూచించే మాత్రలు లేని చికిత్సలో ఇది ముఖ్య భాగం. మూర్ఛ, బైపోలార్ వ్యాధి ఉన్నవారు, వాహనాలు నడిపేవారు దీనిని సొంతంగా మొదలుపెట్టరాదు. వైద్యుని పర్యవేక్షణ అవసరం.

కాబట్టి యాప్‌ను దినచర్య పుస్తకంగా వాడుకోండి. అందులో పడుకున్న వేళ, లేచిన వేళ చూడండి. దశల అంకెలను పట్టించుకోకండి. ఒక రాత్రిని బట్టి తీర్పు ఇవ్వక, రెండు వారాలను కలిపి చూడండి. ఆదివారమైనా సరే ఒకే వేళకు లేవండి. ఉదయం ముందు మీ ఒంటిని అడగండి, తరువాతే ఫోన్ చూడండి.

ఒక హెచ్చరిక. బిగ్గరగా గురక, నిద్రలో శ్వాస ఆగినట్లు ఇంట్లోవారు గమనించడం, ఉక్కిరిబిక్కిరై లేవడం, పగలు కునికిపాట్లు ఉంటే యాప్ ఎంత మంచి మార్కులు వేసినా వైద్యుని కలవండి. అది స్లీప్ ఆప్నియా కావచ్చు. నిద్రలో పదేపదే శ్వాస ఆగే ఈ వ్యాధిని గుర్తించకపోతే రక్తపోటు పెరగవచ్చు, వాహనం నడుపుతూ కునుకు పట్టి ప్రాణం మీదకు రావచ్చు. అటువంటప్పుడు కావలసినది నిద్ర పరీక్ష. ఆ పని ఫోన్ చేయలేదు.