బీరు తొట్టి మీద పుట్టిన సోడా

గోలీసోడాకు పుట్టిల్లు బీరు బట్టీ. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఎవరైనా "మేం మందు ముట్టం, సోడా చాలు" అంటే నాకు నవ్వాగదు. 1767లో ఇంగ్లండులోని లీడ్స్‌లో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే చర్చి బోధకుడు ఓ బీరు బట్టీ పక్కింట్లో కాపురం పెట్టాడు. పులుస్తున్న తొట్ల మీద ఏదో బరువైన గాలి పరుచుకుని ఉండటం, అందులోకి దించిన మంట ఆరిపోవడం చూశాడు. ఆ గాలిలో నీళ్ళను ఓ గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చి మార్చి పోస్తే నాలుక మీద చురుక్కుమన్నాయి. 1772లో ఆ కిటుకును పుస్తకంగా అచ్చేసి ఊరుకున్నాడు. దాన్ని వ్యాపారం చేసింది 1783లో జెనీవాలో ష్వెప్ అనే ఆయన.

ఆ బరువైన గాలి, అంటే బొగ్గుపులుసు గాలి, మనకేమీ కొత్త కాదు. చెట్టు దిగిన తాటికల్లు లొట్టిలో నురగ దాని పనే. ఆయుర్వేదంలో చరకుడు పులియబెట్టిన ఆసవాలను 84 లెక్కపెడితే, అందులో 26 పళ్ళవే. పండు పులిసేచోట బుడగ తప్పదు. కాకపోతే దాన్ని మనం గాల్లోకి వదిలేశాం. పట్టి ఉంచాలంటే పగలని సీసా కావాలి. షాంపేన్ కూడా గట్టి గాజు వచ్చాకే నిలదొక్కుకుంది. మధ్యలో శతాబ్దాలను దాటేసి ఆ సీసా దగ్గరికే పోదాం, నాకిష్టమైన చోటు అదే.

హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన 1872 నాటికి తన గోలీసీసాను ఓ కొలిక్కి తెచ్చి పేటెంటు పుచ్చుకున్నాడు. బిరడా లేదు, మూత లేదు. మెడలో ఓ గాజు గోలీ, మూతి లోపల ఓ రబ్బరు రింగు, అంతే. సీసాను తలకిందులుగా పట్టి సోడా నింపి నిలబెడితే, లోపలి గాలే గోలీని పైకి తన్ని రబ్బరుకు అదిమేస్తుంది. దొంగను దొంగ చేతే కాపలా కాయించడం! బొటనవేలితో నొక్కితే కుయ్యిమంటూ గోలీ జారి మెడలోని నొక్కు దగ్గర ఆగుతుంది. తాగేటప్పుడు గోలీ మూతికి అడ్డం పడకుండా సీసాను ఆ నొక్కు వైపు తిప్పి పట్టుకోవాలి. ఆ ఒడుపు తెలియనివాడి చొక్కా మీదే సగం సోడా. 1892లో అమెరికాలో విలియం పెయింటర్ రేకుమూత కనిపెట్టాక ఇంగ్లండులో ఈ సీసా మెల్లగా మూలపడింది. జపాన్లో రామునే పేరుతో బతికింది. మన దగ్గర మాత్రం ఏలింది. కడిగి మళ్ళీ వాడుకునే సీసా, చేత్తో తిప్పే మిషను, ఓ గ్యాసు సిలిండరు ఉంటే సందులో ఫ్యాక్టరీ పెట్టొచ్చు మరి. సీసా పగలగొట్టి గోలీలు తీసుకున్న పిల్లలు ఇంగ్లండులోనూ ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. రౌడీ తగాదాల్లో సోడాసీసాలు గాల్లో ఎగరడం మాత్రం మన ప్రత్యేకత.

అదే గాలికి పండు రుచి జతచేసి గోదావరి జిల్లాల్లో పేరు తెచ్చుకున్నది రామచంద్రపురం వారి ఆర్టోస్ పానీయం. అద్దూరి రామచంద్రరాజు 1919లో మొదలుపెట్టిన ఆ ద్రాక్ష రంగు నురగ ముందు పెద్ద పెద్ద కోలాలు నాకు చప్పగానే ఉంటాయి.

ఇలాంటి జతే ఇటలీలోనూ కుదిరింది. వెనిస్‌లో జ్యుసెప్పే చిప్రియాని తన హ్యారీస్ బార్‌లో తెల్ల పీచ్ పండు గుజ్జును, ప్రొసెక్కో అనే నురగ వైన్‌ను కలిపి, 1948లో దానికి బెల్లీని అనే చిత్రకారుడి పేరు పెట్టాడు. గుజ్జు ఒక వంతు, వైన్ రెండు వంతులు. ఆదివారం బ్రంచ్‌లకు ఇప్పుడది రాణి. బ్రంచ్ అన్న భోజనాన్ని 1895లో గై బెరింగర్ ప్రతిపాదించింది శనివారం రాత్రి ఎక్కువ తాగినవాళ్ళ మీద జాలితో. ఆదివారం లేవగానే మళ్ళీ గ్లాసు ఇవ్వడం ఎలాంటి జాలో!

ఇక మన దగ్గరికొస్తే, నూజివీడు నుంచి తిరువూరు పోయే దారిలో విస్సన్నపేట. చుట్టూ మామిడి తోటలు. పీచ్ బదులు మామిడితో చేసే బెల్లీనికి ఇంతకన్నా తగిన ఊరు ఏది? మనవాళ్ళు రసాలను చేత్తో పిసికి, ముచ్చిక తీసి జుర్రుకుంటారు. పక్క బడ్డీలో నిమ్మకాయ సోడా విడిగా తాగుతారు. రెండూ ఒకే బజార్లో ఇన్నేళ్ళు పక్కపక్కనే ఉన్నా ఒకే గ్లాసులోకి రాలేదు. గుజ్జు ఫ్యాక్టరీలకు కావలసింది కలెక్టరు కాయ, అదే తోతాపురి. డబ్బాలో నిలవుంటుంది, నీళ్ళు కలిపితే రంగు చెడదు. జుర్రుకునే చిన్నరసం దానికి తగదు కాబట్టి దాని రుచి సీసాకెక్కలేదు. ఇప్పుడు గోలీసీసాలూ చాలామటుకు పోయి ప్లాస్టిక్ సీసాలొచ్చాయి. ఇది ప్రగతి అంటే నేనొప్పుకోను.

రసాన్నీ నురగనూ కలపాలనుకుంటే పద్ధతి ఇదీ: చిన్నరసాల గుజ్జును పల్చటి గుడ్డలో వడకట్టి బాగా చల్లబరచాలి. పీచు మిగిలితే దాని మీదే బుడగలు పుట్టి గ్లాసు పొంగిపోతుంది. గుజ్జు ముందు, దాని మీద వైనో సోడానో గ్లాసు వాల్చి సన్నధారగా. చల్లదనంలో గాలి నీటిలో ఎక్కువ నిలుస్తుంది, కాబట్టి రెండూ చల్లగానే ఉండాలి. చెంచాతో గిరగిర తిప్పొద్దు, కిందనుంచి ఒక్కసారి లేపితే చాలు. వైన్ పోస్తే తీపి తక్కువది చూసుకోండి. సోడా పోస్తే చిటికెడు ఉప్పు, రెండు చుక్కల నిమ్మరసం. బంగినపల్లి మాత్రం వద్దు, అది కోసుకు తినే పండు.