పండుగల దారి, రాష్ట్రాల సరిహద్దు: బీదర్ సీమ చెప్పే పాఠం

ఒక ఊళ్ళో ఉత్సవం జరపడం ఒక ఎత్తు, పది ఊళ్ళ ఉత్సవాలను ఒక గొలుసుగా కూర్చడం మరొక ఎత్తు. మొదటిదానికి వేదిక, డబ్బు, అధికారుల ఉత్తర్వు ఉంటే చాలు. రెండవదానికి జనం ఒక చోటు నుంచి మరొక చోటికి తరలివెళ్ళే అలవాటు కావాలి. సంస్కృతి వ్యాప్తికీ పర్యాటక అభివృద్ధికీ ప్రాంతీయ ఉత్సవాల గొలుసు అవసరమన్న మాట తరచు వినిపిస్తూ ఉంటుంది. అటువంటి గొలుసు దక్కనులో కొత్తగా పుట్టవలసినది కాదనీ, అది చాలాకాలంగా ఉన్నదేననీ, 1956లో గీచిన సరిహద్దుల వల్ల మన కంటికి ముక్కలుగా కనిపిస్తున్నదనీ ఈ వ్యాసంలో చూపదలచాము. ఇందుకు బీదర్ సీమను ఉదాహరణగా తీసుకొంటున్నాము.

బీదర్ నేడు కర్ణాటకకు ఈశాన్యపు కొస. ఆ పట్టణానికీ, దానిని ఆనుకొని ఉన్న చిద్రి వంటి ఊళ్ళకూ బెంగళూరు దాదాపు 700 కిలోమీటర్ల దూరం. హైదరాబాదు సుమారు 140 కిలోమీటర్లే. 15వ శతాబ్దంలో బహమనీ సుల్తాను అహ్మద్ షా తన రాజధానిని గుల్బర్గా నుంచి ఇక్కడికి మార్చాడు. మహమూద్ గవాన్ కట్టించిన మదరసా 1472 నాటిది. బహమనీల తరువాత బరీద్ షాహీలు, బీజాపురం, మొగలులు, ఆసఫ్ జాహీలు వరుసగా ఏలారు. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం విడిపోయినప్పుడు బీదర్ జిల్లా మూడు పాళ్ళయింది. జహీరాబాదు, నారాయణఖేడ్ ప్రాంతాలు మెదక్ జిల్లాలో చేరి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. ఉద్గీర్, నిలంగా, అహ్మద్‌పూర్ మరాఠీ వైపు పోయాయి. బీదర్, భాల్కీ, హుమ్నాబాద్, ఔరాద్ మైసూరు రాష్ట్రంలో మిగిలాయి. భాషను బట్టి చేసిన ఈ విభజనకు న్యాయం లేకపోలేదు. అయితే జాతరలు భాషను బట్టి ఏర్పడినవి కావు.

మైలార దేవుని సంగతి చూడండి. భాల్కీ తాలూకా ఖానాపురం దగ్గర మైలార మల్లన్న గుడి ఉంది. ఈ దేవుడే మహారాష్ట్రలోని జేజూరిలో ఖండోబా. తెలంగాణలోని కొమురవెల్లిలోనూ ఐనవోలులోనూ మల్లన్న. కన్నడ సీమలో ఆయన కథ పాడేవారు గొరవలు, మరాఠీ సీమలో వాఘ్యా మురళీలు, తెలుగు సీమలో ఒగ్గు కళాకారులు. పసుపు బండారు మూడుచోట్లా ఒకటే. మార్గశిర మాసపు చంపాషష్ఠి ఖండోబా భక్తులకు పెద్ద పండుగ. కొమురవెల్లి జాతర సంక్రాంతికి మొదలై ఉగాది దాకా సాగుతుంది. అంటే ఒకే దైవం కోసం చలికాలం నుంచి ఎండాకాలం వరకు, మూడు భాషల నేలమీద, ఒకదాని తరువాత ఒకటిగా జాతరలు వస్తాయన్నమాట. కొమురవెల్లిని తెలంగాణ వారి జాతరగా మాత్రమే చదువుకొన్న విద్యార్థికి ఈ వరుస కనిపించదు.

బీదర్ పక్కనున్న అష్టూరులో అహ్మద్ షా వలీ సమాధి దగ్గర జరిగే ఉరుసు ఇంకొక ఉదాహరణ. ముస్లిములు ఆయనను వలీగా కొలుస్తారు. లింగాయతులు అల్లమప్రభువు అంశగా భావిస్తారు. ఈ ఉరుసులో జంగమయ్యకు ముఖ్యస్థానం ఉంది. మరొక విశేషం, ఇది హిజ్రీ లెక్కన కాక హిందూ చాంద్రమానాన్ని అనుసరించి హోళీ తరువాత జరుగుతుంది. హిజ్రీ సంవత్సరం ఏటా సుమారు 11 రోజులు వెనక్కు జరుగుతుంది కనుక, ఆ లెక్కన జరిగే ఉరుసు ఒకప్పుడు నడివానల్లో, ఒకప్పుడు కోతల నడుమ పడవచ్చు. హోళీ తరువాత అంటే రైతుకు తీరిక, చేతిలో కాస్త పైకం, దారులు పొడి. పాతవారు పండుగలను గొలుసుగా కూర్చడంలో చూపిన తెలివి ఇటువంటిది. జహీరాబాదు దగ్గరి ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుని శివరాత్రి జాతరకు నేటికీ కర్ణాటక, మహారాష్ట్ర భక్తులు వస్తున్నారంటే ఈ దారి ఇంకా పూడిపోలేదన్నమాట.

ఇక ప్రభుత్వోత్సవాల వైపు చూద్దాము. కర్ణాటకలో 1980 దశకంలో ఎం.పి. ప్రకాశ్ చొరవతో హంపి ఉత్సవం రూపుదిద్దుకొన్నది. బనవాసిలో కదంబోత్సవం, 1824 నాటి చెన్నమ్మ విజయానికి గుర్తుగా కిత్తూరు ఉత్సవం కూడా జరుగుతున్నాయి. బీదర్ ఉత్సవం కొన్నేళ్ళ విరామం తరువాత 2023 జనవరిలో కోటలో మళ్ళీ జరిగింది. ఇటు తెలంగాణ ప్రభుత్వం 2014లో బతుకమ్మను, బోనాలను రాష్ట్ర పండుగలుగా ప్రకటించింది, 2022లో వరంగల్లులో కాకతీయ వైభవ సప్తాహం జరిపింది. ఇవన్నీ మంచి పనులే. కాని ప్రతి ఉత్సవమూ ఒక రాజవంశాన్నో, ఒక రాష్ట్రాన్నో ఆశ్రయించి, సరిహద్దు దగ్గర ఆగిపోతున్నది.

చరిత్ర అలా ఆగదు. కదంబోత్సవంలో ఏటా ప్రదానం చేసే ఆనవాయితీ ఉన్న పురస్కారం పంప ప్రశస్తి. ఆ పంపకవి ఆశ్రయం పొందినది వేములవాడ చాళుక్యుడైన అరికేసరి దగ్గర. అతని తమ్ముడు జినవల్లభుడు వేయించిన కుర్క్యాల శాసనం కరీంనగర్ జిల్లాలో ఉంది. అందులో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. అలాగే బీదర్ జిల్లాలోని కల్యాణంలో 12వ శతాబ్దిలో వెలసిన బసవేశ్వరుని కథను 13వ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు తెలుగులో చెప్పగా, 1369లో భీమకవి దానిని కన్నడం చేశాడు. బనవాసికీ వేములవాడకూ, బసవకల్యాణానికీ పాలకుర్తికీ మధ్య సాహిత్యం వేసిన దారి ఉంది. ఉత్సవాల ప్రణాళికలలో ఆ దారి కానరాదు.

ఇందువల్ల నష్టపోయేది ఎవరు? ముందుగా కళాకారుడు. జాతరలో పాడేవానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ప్రభుత్వ వేదిక ఎక్కాలంటే ఆ రాష్ట్ర సాంస్కృతిక శాఖ పిలుపు కావాలి. బీదర్ కోటలో ఒగ్గు డోలు మోగాలంటే ఇరుపక్కల శాఖలూ మాట్లాడుకోవాలి. బిదిరీ పనివారిదీ అదే కథ. కోట మట్టితో నలుపెక్కించి వెండి పొదిగే ఆ పనికి ఏడాదికి మూడు రోజుల దుకాణం కన్న, ఊరూరా వరుసగా వచ్చే సంతలే మేలు. పర్యాటకుడూ నష్టపోతాడు. కోట చూసి సాయంత్రానికి వెళ్ళిపోయే మనిషిని అష్టూరుకు, మైలారానికి, ఝరాసంగానికి నడిపించేవారు లేరు.

లోకంలో ఇతర చోట్ల కూడా ఆహ్వానం లేనివారి వల్లనే ఉత్సవాలు పెరిగాయి. 1947లో స్కాట్లాండులోని ఎడిన్‌బరో ఉత్సవానికి పిలవకుండానే ఎనిమిది నాటక బృందాలు వచ్చి ఊళ్ళో ఆడాయి. ఆ ‘అంచు’ ఉత్సవం నేడు అసలుదాని కన్న పెద్దది. జాతర స్వభావం కూడా ఇదే కదా!

కనుక కొత్త గొలుసు కట్టదలచినవారు చేయవలసిన మొదటి పని కొత్త పండుగను కనిపెట్టడం కాదు. ఉన్న జాతరల, ఉరుసుల తిథులను సరిహద్దుకు ఇరువైపులా సేకరించి, కన్నడ, తెలుగు, మరాఠీ, ఉర్దూ భాషలలో ఒకే పట్టికగా ప్రకటించాలి. ప్రభుత్వోత్సవపు తేదీలను ఆ వరుసకు అనుగుణంగా నిర్ణయించాలి. బస్సులు రాష్ట్రం గీత దగ్గర ఆగకుండా జాతర దాకా పోవాలి.

ఇందులో తెలుగునాటికి వెలుపల చదువుకొంటున్న విద్యార్థులకు ప్రత్యేకమైన పాత్ర ఉందని మా అభిప్రాయం. రెండు భాషలు ఇంట్లోనే వచ్చినవారు మీరు. ఒగ్గు కథలోని మల్లన్ననూ, గొరవల పాటలోని మైలారుణ్ణీ పక్కపక్కన పెట్టి వినగలవారు మరెవరూ అంత సులభంగా దొరకరు. మీ ఊరి జాతర ఏ తిథిన జరుగుతుంది, ఏ ఊళ్ళ నుంచి జనం వస్తారు, ఏ భాషలో పాడతారు అన్న మూడు సంగతులు రాసిపెట్టినా చాలు. పై పట్టికకు మొదటి పుట అదే అవుతుంది.