స్థానం నరసింహారావుగారి నటజీవితము: సభ, కంట్రాక్టు, పలక, తెర

ఆంధ్రనాటకరంగమును గూర్చి ముచ్చటించునపుడు మనవారు తఱచుగా పద్యములను, రాగములను, ‘వన్సుమోరు’లను దలచుకొందురు. ఒక నటుడు తన విద్యను నమ్ముకొని కాలముతోపాటు ఎన్ని వేదికలెక్కవలసి వచ్చెనో, ఏ వేదిక యాతనినుండి యేమి గ్రహించెనో విచారించుట యరుదు. స్థానం నరసింహారావుగారి జీవితమును మేమిచట ఆ దృష్టితో చూడబూనితిమి. మహాసభాసంచికలలో గొప్పవారిని వెదకి మనవారని చెప్పుకొనుట పరిపాటియే. వేషము గట్టినవానిని మాత్రము చూచినవారందఱును తమవాడనియే యనుకొందురు గనుక, ఆ చర్చకు మేము దిగము.

నరసింహారావుగారు 1902వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీని బాపట్లలో జన్మించిరి. 1920లో ఆ యూర హరిశ్చంద్ర నాటకమాడవలసిన సమయమున చంద్రమతి పాత్రధారి రాకపోయెను. ఆ కొఱత దీర్చుటకై యౌవనారంభముననున్న నరసింహారావుగారు చీర గట్టిరి. అక్కఱకు గట్టిన యా చీర ఆయనకు జీవితవృత్తియయ్యెను. పిమ్మట తెనాలి శ్రీరామవిలాస సభలో జేరి, ఆంధ్రదేశమంతట స్త్రీపాత్రలకు పెట్టినది పేరనిపించుకొనిరి.

పురుషులు స్త్రీవేషములు ధరించుట యేల వచ్చెనో నేటివారికి చెప్పవలసియున్నది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరమున తమ విద్యార్థులచే నాటకమాడించినది 1880లో. బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి చిత్రనళీయము ప్రదర్శింపబడినది 1887లో. ఆ కాలముననే ధార్వాడ నాటకసమాజమువారు తీరాంధ్రమున తిరిగి జనులకు నాటకములపై మక్కువ పుట్టించిరి. పిమ్మట ఊరూర వెలసిన సభలలో ప్లీడర్లును, గుమాస్తాలును, ఉపాధ్యాయులును జేరిరి. తమ యింటి స్త్రీలను రంగమునకు దెచ్చుటకు వారికి మనసొప్పలేదు. ఆటపాటలే కులవృత్తిగాగల కళావంతులను పిలుచుటకు మర్యాద యడ్డువచ్చెను. తుదకు మీసములు రాని బాలురకు చీరలు గట్టిరి. టంగుటూరి ప్రకాశం పంతులుగారంతటివారు సయితము చిన్నతనమున స్త్రీవేషములు వేసినవారే. 1885లో కడపజిల్లా సురభి గ్రామమున పుట్టిన సమాజమువారు మాత్రము కుటుంబములతో గూడి, తమ స్త్రీలతోనే స్త్రీపాత్రలు వేయించిరి. కూచిపూడి భాగవతులు అంతకు బహుకాలము పూర్వమునుండియు పురుషులే భామాకలాపమున సత్యభామను గట్టుచుండిరి గనుక, మగవాని మొగమున సత్యభామను జూచుట మన జనులకు క్రొత్తగాదు.

నరసింహారావుగారి పాత్రలలో సత్యభామ, రోషనార, చింతామణి, దేవదేవి, మధురవాణి మిక్కిలి ప్రసిద్ధములు. ఇందు తుది మూడును వేశ్యాపాత్రలని పాఠకులు గమనింపవలెను. కళావంతుల వనితను లోనికి రానీయని సభలోనే, కళావంతుల వనితవలె నడచిన పురుషునకు కరతాళధ్వనులు మ్రోగినవి. ఈ వైపరీత్యమును విడిచి ఆయన ప్రతిభను మాత్రమే పొగడుట సత్యచరిత్రముగాదు. ఇందు నటుని దోషమేమియు లేదు. ఆయన పుట్టునప్పటికే రంగము అట్లు కట్టబడియుండెను. పైగా ఆ మువ్వురు స్త్రీలును ఒకమూస బొమ్మలుగారు. కాళ్లకూరి నారాయణరావుగారి చింతామణి తన వృత్తిని రోసి కృష్ణభక్తిని జేరును. దేవదేవి పంతముబట్టి విప్రనారాయణుని వ్రతభంగము గావింపబోయి, తానే యాతని వలపున జిక్కును. గురజాడవారి మధురవాణి యన్ననో, చుట్టునున్న పెద్దమనుష్యులందఱికంటె తెలివియు దయయుగల మనిషి. ఒకే నటుడు ఈ మువ్వురకు మూడు నడకలును, మూడు చూపులును గల్పింపవలె. మఱల కొప్పరపు సుబ్బారావుగారి రోషనారకు మొగలు రాచబిడ్డ ఠీవి వేఱు. ఒక పాత్ర చీరకట్టు మఱియొక పాత్రకు పనికిరాదు. చీర మార్చినమాత్రమున పాత్ర మాఱదు. స్త్రీ కంఠము లేనివాడు కంఠముతో జేయలేని పనిని కనుబొమతోను, మెడవంపుతోను, జడను ముందుకు ద్రోయు చేతితోను నెఱవేర్పవలసియుండును. కపిలవాయి రామనాథశాస్త్రిగారి పేరు చెప్పిన గానము జ్ఞప్తికి వచ్చును. స్థానమువారి పేరు చెప్పిన హావభావములు జ్ఞప్తికి వచ్చును.

ముత్తరాజు సుబ్బారావుగారి శ్రీకృష్ణతులాభారమున సత్యభామగా ఆయన పాడిన ‘మీరజాలగలడా’ యను పాట ఆయనయే రచించి చేర్చినదని ప్రసిద్ధి. కృష్ణుడు తన మాట దాటజాలడను సత్యభామ గర్వమంతయు నా పాటలోనున్నది. నాటకకర్త వ్రాసినదానికి నటుడు ఈ విధముగా చేర్పులు చేయుట పండితులకు కొందఱకు గిట్టదు. ఈ చేర్పు లేనిచో ఆ నాటకము నేడింతమందికి జ్ఞప్తియందుండెడిదా యని మాకు సందేహము.

ఇంతలో నాటకము వ్యాపారమయ్యెను. సభలు సడలినకొలది కంట్రాక్టర్లు బయలుదేరి, పేరుగల నటులను పలు సమాజములనుండి ఒక్కరాత్రికి కూర్చి టిక్కెట్లమ్మిరి. జనాకర్షణకై ఒకే నాటకమున ఇద్దఱు కృష్ణులను, ముగ్గు రర్జునులను దింపుటయు గలదు. నటులకు చేతినిండ సొమ్ము వచ్చినమాట నిజము. కలిసి సాధనజేసిన సమాజమున నుండు పొందిక పోయినమాటయు నిజము. సత్యభామ యలుకకు కృష్ణుడు బదులు చెప్పు తీరు నిన్నటిరాత్రి యొకటి, నేటిరాత్రి యొకటి యైనచో ఆ యలుక యెట్లు పండును?

గ్రామఫోను మఱియొక విపణి. పలక యొక ప్రక్కను ఇంచుమించు మూడునిమిషములు మాత్రమే పాడవచ్చును. రంగముపై ప్రేక్షకుల యుత్సాహమునుబట్టి పెంచుకొనుచుపోవు పాటను మూడునిమిషములకు కుదింపవలెను. కనుబొమయు, జడయు, మెడవంపును పలకకెక్కవు. ఏ విద్యవలన ఆయన స్థానమువారైరో ఆ విద్యను బయటనుంచి, కంఠమును మాత్రమే కంపెనీలు కొనినవి. అయినను ‘మీరజాలగలడా’ పలక, ఆయన నాటకము నెన్నడును జూడని యిండ్లకు సయితము సత్యభామను గొనిపోయెను.

తెర విషయమిందుకు విపరీతము. 1932లో తెలుగు టాకీ భక్తప్రహ్లాద వచ్చినపుడు అందు లీలావతిని ధరించినది సురభి కమలాబాయిగారు. 1935 నాటి హరిశ్చంద్ర చిత్రమున చంద్రమతి కన్నాంబగారు. పదునైదేండ్లక్రిందట బాపట్లలో స్థానమువారి తొలివేషమైన పాత్ర యిదియేకదా! పెట్రోమాక్సు వెలుతురున పదిగజముల దూరమునుండి చూచునపుడు నిజమనిపించు వేషమును కెమేరా చెంప దగ్గఱకు వచ్చి చూచును. మహారాష్ట్రమున బాలగంధర్వుల వారికిని ఈ యనుభవమే కలిగెను. రంగముపై స్త్రీవేషములతో లోకమునేలిన యాయన 1937లో సాధ్వీ మీరాబాయి చిత్రమున మీరాగా నటింపగా జనులాదరింపలేదు. మన స్థానమువారు రాధాకృష్ణ (1939), సత్యభామ (1942) చిత్రములలో నటించిరి. తెరపై ఆయన కీర్తి రంగకీర్తిలో నాల్గవవంతైనను గాలేదు. విద్య తఱిగి యిట్లయ్యెనని మేము తలపము. దూరముండి చూచువారికొఱకు పెంచిన విద్య యది. ఆ దూరమును కెమేరా తుడిచివేసినది.

బళ్ళారి రాఘవాచార్యులవారు (1880–1946) స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టి, కులస్త్రీలను రంగమునకు దెచ్చుటకు పాటుపడిరి. ఆ వాదమున న్యాయము రాఘవగారిదేయని మేము నిస్సంకోచముగా జెప్పుదుము. తమ కళను తామే ప్రదర్శింపరాదని సగముజనమును వెలివేసిన కట్టుబాటు నిలువదగినది గాదు. అయినను స్థానమువారి సత్యభామను జూచి, ఆడువారు పయ్యెద సవరించుకొను తీరును ఆయనవద్ద నేర్వవలెనని తెనాలి ప్రాంతమున చెప్పుకొన్న మాట వట్టి పరిహాసముగా మేము త్రోసివేయజాలము.

ఆయనకు గౌరవములకు కొదువలేదు. 1938లో రంగూనునందలి ఆంధ్రులు సువర్ణకిరీటముతో సత్కరించిరి. తొలివేషము గట్టిన ముప్పదియాఱేండ్లకు, 1956లో, భారతప్రభుత్వము పద్మశ్రీ నొసగెను. తమ యనుభవములను ‘నటస్థానము’ అను గ్రంథముగా వ్రాసిరి. స్త్రీవేషధారి తన వేషమునుగూర్చి తానే వ్రాసినదగుటచే, రంగచరిత్ర వ్రాయువారు ముందుగా దానిని చదువవలెను.

1966లో శ్రీకృష్ణతులాభారము చలనచిత్రముగా వచ్చెను. అందు సత్యభామ జమునగారు. ‘మీరజాలగలడా’ పాడినది సుశీలగారు. పాట స్త్రీముఖమునకును స్త్రీకంఠమునకును జేరినది. అప్పటికి స్థానమువారు జీవించియే యుండిరి. 1971 ఫిబ్రవరి 21వ తేదీని ఆయన స్వర్గస్థులైరి. హైదరాబాదున దూరదర్శనకేంద్రము వెలసినది 1977లో. వృద్ధులైన రంగనటులను పిలిచి, పాతపాత్రలను చేయించి పదిలపఱచు నవకాశము ఆ యాఱేండ్ల వ్యవధిలో ఆయనకు తప్పిపోయినది. సత్యభామ యలుకగృహమున జడ విసరి మొగము ద్రిప్పుకొనినది చూచిన కన్నులు తెనాలి, బాపట్ల ప్రాంతములలో నింకను గొన్ని మిగిలియున్నచో, వారివద్ద గూర్చుండి యడిగి వ్రాసికొనుట మనవారిలో ఓపికగల యువకులెవరైనను ఈ యేడే చేయదగిన పని.