నీటి అడుగున ఎంతసేపు?
హజీరా నుంచి విశాఖ దాకా జలాంతర్గామి కథ

సూరత్ పేరు వినగానే మనకు చీరలు, వజ్రాలు గుర్తుకు వస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వెళ్ళి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అయితే ఆ నగరానికి సముద్రంతో ఉన్న అనుబంధం కూడా చాలా పాతది. 1612లో సూరత్ సమీపంలోని సువాలీ తీరంలో ఈస్టిండియా కంపెనీ ఓడలు పోర్చుగీసు వారితో తలపడ్డాయి. కంపెనీ తన వ్యాపార రక్షణకు ఆ ఏడు ఏర్పరచుకున్న చిన్న ఓడల దళంతోనే భారత నౌకాదళం తన చరిత్రను మొదలుపెడుతుంది. 1736లో బొంబాయికి వెళ్ళి ఓడల నిర్మాణాన్ని ప్రారంభించిన లవ్‌జీ నస్సర్వాన్‌జీ వాడియా సూరత్ వడ్రంగే.

ఇప్పుడు ఆ పట్టికలో మరో పేరు చేరింది. సూరత్ దగ్గర తపతీ నది సముద్రంలో కలిసే చోట హజీరా అనే పారిశ్రామిక ప్రాంతం ఉంది. మన దేశంలో నిర్మించిన మొదటి అణుశక్తి జలాంతర్గామి 'అరిహంత్' ఉక్కు దేహం అక్కడి ఎల్ అండ్ టి కర్మాగారంలో తయారైంది. 2009 జూలై 26న విశాఖపట్నంలో ఆ నౌక నీటిలోకి దిగింది.

నీటి కింద నడిచే పడవను తయారుచేయాలనుకున్న వారందరికీ మూడు ప్రశ్నలు ఎదురయ్యాయి. కావాలనుకున్నప్పుడు మునిగి, కావాలనుకున్నప్పుడు తేలడం ఎలా? లోతులో నీటి బరువుకు నలిగిపోకుండా ఉండడం ఎలా? గాలి లేని చోట ఎంతసేపు ఉండగలం? మొదటి దానికి జవాబు త్వరగానే దొరికింది. మూడవ దానికి మూడు శతాబ్దాలకు పైగా పట్టింది.

బిందె చెప్పే పాఠం

ఖాళీ బిందెను బావిలో వేస్తే తేలుతుంది. దానిలోకి నీరు చేరే కొద్దీ కిందికి దిగి, చివరకు మునుగుతుంది. ఒక వస్తువు తాను తొలగించిన నీటి బరువు కంటే తేలికగా ఉంటే తేలుతుంది, బరువుగా ఉంటే మునుగుతుంది. ఇది ఆర్కిమెడిస్ సూత్రం. జలాంతర్గామిలోని 'బాలాస్ట్ ట్యాంకులు' ఈ బిందె పనే చేస్తాయి. వాటిలోకి సముద్రపు నీటిని వదిలితే నౌక మునుగుతుంది. సిలిండర్లలో బంధించి ఉంచిన గాలిని వాటిలోకి వదిలితే, ఆ గాలి నీటిని బయటకు నెట్టేస్తుంది. నౌక పైకి లేస్తుంది.

1620 ప్రాంతంలో కార్నెలిస్ డ్రెబెల్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు తోలు కప్పిన పడవను లండన్‌లోని థేమ్స్ నదిలో నీటి కింద తెడ్లతో నడిపించి చూపాడు. యుద్ధంలో ఇటువంటి పడవను మొదట ఉపయోగించింది అమెరికన్లు. 1776 సెప్టెంబరులో, స్వాతంత్ర్య పోరాట కాలంలో, డేవిడ్ బుష్‌నెల్ తయారుచేసిన 'టర్టిల్' న్యూయార్కు రేవులో ఒక బ్రిటిష్ యుద్ధనౌక కిందికి చేరింది. ఇది తాబేలు ఆకారంలో ఉన్న కొయ్య పడవ. లోపల ఒక్కడే మనిషి. చేతితో తిప్పే మరలే దాని యంత్రాలు. శత్రునౌక అడుగున మందుగుండును బిగించడానికి చేసిన ప్రయత్నం ఫలించలేదు. లోపలి గాలి అరగంటకు మించి సరిపోయేది కాదు.

అమెరికా అంతర్యుద్ధంలో 'హన్లీ' విజయం సాధించింది. 1864 ఫిబ్రవరి 17న చార్ల్స్‌టన్ రేవు వెలుపల 'హౌసటోనిక్' అనే యుద్ధనౌకను ముంచి, శత్రునౌకను ముంచిన మొదటి జలాంతర్గామిగా పేరు పొందింది. ఆ రాత్రి హన్లీ కూడా తిరిగి రాలేదు. దానిలోని ఎనిమిది మందీ మరణించారు. అంతకు ముందే పరీక్షల్లో అది రెండుసార్లు మునిగి 13 మందిని బలి తీసుకుంది. పడవ నిర్మాతల్లో ఒకడు, దానికి తన పేరునిచ్చిన హొరేస్ హన్లీ కూడా ఆ 13 మందిలో ఉన్నాడు.

రెండు యంత్రాలు, ఒక ఆయుధం

హన్లీ తన మందుగుండును ఒక పొడవాటి కర్ర చివర కట్టుకుని వెళ్ళి శత్రువును పొడవవలసి వచ్చింది. దూరం నుంచి కొట్టే సాధనం 1866లో వచ్చింది. రాబర్ట్ వైట్‌హెడ్ అనే ఆంగ్లేయ ఇంజనీరు ఆస్ట్రియా సామ్రాజ్యంలో తనంత తానే నీటిలో ఈదుకుంటూ పోయే టార్పెడోను తయారుచేశాడు.

మిగిలింది నౌకను నడిపే శక్తి. పెట్రోలు ఇంజను కానీ డీజిలు ఇంజను కానీ మండాలంటే గాలి కావాలి. నీటి కింద గాలి లేదు. ఐర్లండ్ నుంచి అమెరికా వెళ్ళిన జాన్ హాలండ్ అనే ఉపాధ్యాయుడు దీనికి చక్కని మార్గం చూపాడు. నీటి పైన ఉన్నప్పుడు ఇంజను నడుస్తుంది, బ్యాటరీలను కూడా నింపుతుంది. నీటి కింద ఆ బ్యాటరీలతో విద్యుత్ మోటారు నడుస్తుంది. 1900లో అమెరికా నౌకాదళం ఆయన నౌకను కొన్నది. తరువాతి అర్ధ శతాబ్దం ప్రపంచమంతా ఈ పద్ధతినే అనుసరించింది.

కొత్త ఆయుధం బలమేమిటో 1914 సెప్టెంబరు 22న తెలిసింది. ఆ ఉదయం 'యు–9' అనే జర్మన్ జలాంతర్గామి రెండు గంటలు కూడా గడవక ముందే మూడు బ్రిటిష్ క్రూయిజర్లను ముంచింది. 1,450 మందికి పైగా చనిపోయారు. అదే రోజు రాత్రి మన మద్రాసు మీద 'ఎండెన్' గుండ్లు కురిపించింది. ఎండెన్ నీటిపై తిరిగే నౌక కనుక దాని జాడ తెలిశాక తప్పించుకోలేకపోయింది. నవంబరు 9న దాని ఆట ముగిసింది. యు–9 మాత్రం ఎవరికీ చిక్కకుండా ఇంటికి చేరింది. జలాంతర్గామికి టార్పెడో కంటే పెద్ద ఆయుధం కనబడకుండా ఉండడమే.

కనబడని దానిని ఎలా పట్టాలి? వెలుతురు సముద్రపు నీటిలో ఎక్కువ దూరం పోలేదు. రేడియో తరంగాలూ అంతే. ధ్వని మాత్రం సెకనుకు దాదాపు 1,500 మీటర్ల వేగంతో దూరాలకు పోతుంది. ధ్వనిని పంపి, దేనికైనా తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనిని వినాలి. 2 సెకన్లలో తిరిగివస్తే ఆ వస్తువు 1,500 మీటర్ల దూరంలో ఉన్నట్లు. 1917లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ లాంజెవాన్ క్వార్ట్జ్ స్ఫటికాల సాయంతో ఈ పని చేసి చూపాడు. ఇదే తరువాత సోనార్ అయింది.

రెండవ ప్రపంచ యుద్ధంలో బ్యాటరీయే జలాంతర్గామికి శాపమైంది. దానిని నింపుకోవడానికి నౌక పైకి రాక తప్పదు. పైకి వస్తే రాడారు ఉన్న విమానాల కంట పడుతుంది. గాలి పీల్చే గొట్టాన్ని మాత్రం నీటి పైకి పెట్టి డీజిలు ఇంజను నడిపే 'స్నోర్కెల్'ను జర్మన్లు యుద్ధం చివరిలో తెచ్చారు. అప్పటికే ఆలస్యమైంది. వారి జలాంతర్గాములలో పనిచేసిన సుమారు 40 వేల మందిలో నలుగురికి ముగ్గురు తిరిగి రాలేదు.

ఒకే వారం, రెండు తీరాలు

ఈ చరిత్ర 1971 డిసెంబరులో మన తీరాలకు వచ్చింది. పాకిస్తాన్ దగ్గర బంగాళాఖాతం దాకా వచ్చి పోరాడగల జలాంతర్గామి ఒక్కటే ఉండేది. అది 'ఘాజీ'. 1945లో అమెరికా నౌకాదళంలో 'డయాబ్లో'గా చేరిన ఈ నౌకను 1964లో పాకిస్తాన్‌కు అద్దెకు ఇచ్చారు. 1971 నవంబరు 14న అది కరాచీ నుంచి బయలుదేరి భారత ద్వీపకల్పాన్ని చుట్టి వచ్చింది. దాని లక్ష్యం మన విమానవాహక నౌక 'విక్రాంత్'.

తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ దీవులకు పంపివేశారు. 'రాజ్‌పుత్' అనే పాత డిస్ట్రాయరు చేత విక్రాంత్ పంపుతున్నట్లుగా రేడియో సందేశాలు పంపించారు. విక్రాంత్ విశాఖలోనే ఉందని ఘాజీ నమ్మింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు వెలుపల పెద్ద పేలుడు జరిగింది. ఘాజీ 90 మందికి పైగా సిబ్బందితో సముద్రం అడుగుకు చేరింది. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీలే కారణమని భారత నౌకాదళం చెబుతుంది. అది తాను అమర్చుతున్న మందుపాతర పేలడం వల్లనే మునిగిందని పాకిస్తాన్ వాదన. ఈ వాదం నేటికీ తెగలేదు.

ఆరు రోజుల తరువాత పడమటి తీరంలో కథ తిరగబడింది. సూరత్ నుంచి చూస్తే ఖంభాత్ సింధుశాఖకు ఆవలి వైపున డయ్యూ ఉంది. డిసెంబరు 9 రాత్రి అక్కడి సముద్రంలో 'ఖుక్రీ', 'కృపాణ్' అనే మన ఫ్రిగేట్లు ఒక శత్రు జలాంతర్గామి కోసం వెదుకుతున్నాయి. 'హంగోర్' అనే ఆ జలాంతర్గామి వాటిని ముందుగా పసిగట్టింది. దాని టార్పెడో తగిలిన కొద్ది నిమిషాలకే ఖుక్రీ మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించారు. తన ప్రాణం చూసుకోకుండా ఇతరులను బయటికి పంపుతూ నౌకతోనే మునిగిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాకు మరణానంతరం మహావీర చక్ర లభించింది.

హంగోర్ కోసం మన నౌకలు, విమానాలు రోజుల తరబడి గాలించాయి. అయినా అది కరాచీ చేరుకుంది. సోనార్ ఉండి కూడా ఇది ఎలా సాధ్యం? సముద్రపు నీరు పైన వెచ్చగా, లోతుకు పోయే కొద్దీ చల్లగా ఉంటుంది. ఉష్ణోగ్రత మారే చోట ధ్వని వేగం మారి, తరంగం దారి వంగుతుంది. నీటి గ్లాసులో పెట్టిన చెంచా వంగినట్లు కనిపించడానికి కారణమైన వక్రీభవనమే ఇక్కడా జరుగుతుంది. చల్లని పొర కింద దాగిన జలాంతర్గామికి పైనున్న నౌక పంపిన ధ్వని సరిగా చేరదు. వేటాడే వాడి కంటే దాక్కున్న వాడికి సముద్రం ఎక్కువ సాయం చేస్తుంది.

ఊపిరి సమస్య తీరిన రోజు

మూడవ ప్రశ్నకు జవాబు అణు కేంద్రకంలో దొరికింది. యురేనియం కేంద్రకాలు విడిపోయినప్పుడు వేడి పుడుతుంది. దీనికి ఆక్సిజన్ అక్కరలేదు. ఆ వేడితో నీటిని ఆవిరి చేసి టర్బయిన్ తిప్పవచ్చు. 1955 జనవరి 17న అమెరికా జలాంతర్గామి 'నాటిలస్' అణుశక్తితో మొదటిసారి కదిలింది. 1958 ఆగస్టు 3న మంచు కింద ప్రయాణిస్తూ ఉత్తర ధ్రువాన్ని దాటింది. విద్యుత్తు కావలసినంత ఉంటే నీటి నుంచే ఆక్సిజన్‌ను విడగొట్టుకోవచ్చు, మంచినీరూ చేసుకోవచ్చు. ఇటువంటి నౌక ఎంతకాలం మునిగి ఉండగలదన్నది దానిలోని ఆహార నిల్వను, మనుషుల ఓర్పును బట్టి ఉంటుంది.

మన దేశం 1967 డిసెంబరు 8న సోవియట్ యూనియన్ నుంచి మొదటి జలాంతర్గామి 'కల్వరి'ని పొందింది. 1988 నుంచి 1991 వరకు 'చక్ర' అనే అణు జలాంతర్గామిని అదే దేశం నుంచి అద్దెకు తెచ్చుకుని నడిపింది. అయితే అద్దె నౌకను నడపడం వేరు, సొంతంగా నిర్మించడం వేరు.

హజీరాలో జరిగిన పని

ఇక రెండవ ప్రశ్నకు వద్దాం. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. 300 మీటర్ల లోతున ప్రతి చదరపు మీటరు మీద సుమారు 300 టన్నుల భారం పడుతుంది. మన ఇంటి తలుపంత వైశాల్యం మీద 15 టన్నుల లారీలను 40 నిలబెట్టినట్లు ఊహించుకోండి.

దీనిని తట్టుకోవడానికి జలాంతర్గామి లోపలి దేహాన్ని, అంటే 'ప్రెషర్ హల్'ను, గుండ్రని గొట్టంలా చేస్తారు. కోడిగుడ్డును గుప్పిట్లో పెట్టి అన్ని వైపులా సమంగా నొక్కితే అంత తేలికగా పగలదు. గిన్నె అంచుకు తగిలిస్తే వెంటనే చిట్లుతుంది. గుండ్రని గోడ మీద పీడనం సమంగా పంచబడుతుంది. ఆ గుండ్రంలో ఏ కొంచెం సొట్ట ఉన్నా భారమంతా అక్కడ చేరి, గోడ లోపలికి ముడుచుకుపోతుంది. ఖాళీ ప్లాస్టిక్ సీసాలోని గాలిని నోటితో పీల్చి చూడండి. అది ముందుగా ఎక్కడ నొక్కుకుపోతుందో గమనించండి.

కాబట్టి మందపాటి ప్రత్యేక ఉక్కు పలకలను వంచి, నిర్దుష్టమైన వలయాలుగా తీర్చి, వాటిని వెల్డింగు చేసి కలపాలి. వెల్డింగు వేడికి లోహం వంకర పోకూడదు. అతుకు లోపల కంటికి కనబడని పగులు కూడా ఉండకూడదు. అందుకే ఎక్స్–కిరణాలతో, అతిధ్వని తరంగాలతో అతుకులను పరీక్షిస్తారు. 1963లో అమెరికా అణు జలాంతర్గామి 'థ్రెషర్' లోతు పరీక్షలో నలిగి 129 మంది మరణించారు. ఒక గొట్టపు అతుకు విఫలమై నీరు లోపలికి చొరబడడంతో ప్రమాదం మొదలై ఉంటుందని విచారణలో భావించారు. ఆ తరువాత అతుకుల పరీక్షలు చాలా కఠినమయ్యాయి.

హజీరా కర్మాగారానికి రసాయన పరిశ్రమలకు, అణు విద్యుత్ కేంద్రాలకు కావలసిన భారీ పీడన పాత్రలను చేసిన అనుభవం ఉంది. ఫ్రాన్స్‌లో నిర్మిస్తున్న అంతర్జాతీయ సంలీన రియాక్టరు 'ఇటర్'కు కావలసిన బ్రహ్మాండమైన క్రయోస్టాట్ కూడా అక్కడే తయారైంది. పాత్ర లోపలి పీడనాన్ని బయటికి పోకుండా ఆపే విద్య తెలిసిన వారికి, బయటి పీడనాన్ని లోపలికి రాకుండా ఆపే పని అప్పగించారన్నమాట. హల్ భాగాలను విశాఖలోని షిప్ బిల్డింగ్ సెంటర్‌లో కలిపి నౌకగా చేశారు. భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన 83 మెగావాట్ల రియాక్టరు 2013 ఆగస్టులో పనిచేయడం మొదలుపెట్టింది. 2016లో అరిహంత్ నౌకాదళంలో చేరింది. దాని తోబుట్టువు 'అరిఘాత్' 2024 ఆగస్టు 29న విశాఖలోనే చేరింది.

దాగుడుమూతలు ఆగలేదు

2025 జనవరి 15న ముంబైలో మూడు నౌకలు ఒకేసారి నౌకాదళంలో చేరాయి. వాటిలో ఒకటి 'వాగ్‌షీర్' అనే డీజిలు–విద్యుత్ జలాంతర్గామి. మరొకటి 'సూరత్' పేరు పెట్టుకున్న డిస్ట్రాయరు. జలాంతర్గాములను వేటాడడం దాని పనుల్లో ఒకటి. దాగేదీ వెదికేదీ ఒకే రోజున పని మొదలుపెట్టాయి. అదే ఏడాది జూలైలో విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్ నిర్మించిన 'నిస్తార్' కూడా చేరింది. లోతులో చిక్కుకున్న జలాంతర్గామి సిబ్బందిని రక్షించే పనికి సాయపడే నౌక అది. ఘాజీ, థ్రెషర్ నావికులకు అటువంటి అవకాశం లేకపోయింది.

విశాఖ వెళ్ళినప్పుడు రామకృష్ణా బీచ్‌లో ఉన్న 'కుర్సురా'ను తప్పక చూడండి. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 31 ఏళ్ళ సేవ తరువాత 2002లో ప్రదర్శనశాలగా మారిన జలాంతర్గామి ఇది. లోపల ఒక గది నుంచి మరొక గదికి గుండ్రని ద్వారాల గుండా వంగి వెళ్ళాలి. సుమారు 75 మంది మనుషులు, వారి పడకలు, వంటిల్లు, యంత్రాలు, టార్పెడోలు అన్నీ ఆ గొట్టంలోనే ఇమిడి ఉండేవి. గోడకు చెయ్యి ఆనించి చూడండి. ఈ వ్యాసంలోని మూడు ప్రశ్నలకు ఆ మనుషులు రోజూ ఆ ఉక్కునే నమ్ముకుని జవాబు చెప్పుకున్నారు.